పోలయ్య ఎక్కిన బోటు

రెండు వేల పదహారు జూన్ నెలలో, వేట నిషేధం ముగిసి బోట్లు మళ్లీ నీళ్లలో దిగిన వారంలోనే, మా పల్లె మత్స్యకారుల సంఘం నన్ను ఇంజిన్ మేస్త్రీగా వేసుకుంది. పల్లె పేరు రాయను. కళింగపట్నానికి ఉత్తరాన, ఇసకలో నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉంటుంది, అంతవరకు చాలు. అంతకు ముందు చాలా ఏళ్లు విశాఖ రేవులో పెద్ద బోట్ల ఇంజిన్ల కింద వెల్లకిలా పడుకుని పని నేర్చుకున్నాను. నడుము మొరాయించాక సొంత ఊరికి వచ్చేశాను.

మేస్త్రీ అంటే పెద్ద హోదా అనుకోవద్దు. సంఘంలో పైన ప్రెసిడెంటు, తరువాత బోటు యజమానులు, తరువాత వేటకు వెళ్లే మనుషులు. వీళ్లలో ఏ వరసకూ చెందకుండా అందరి చేతా తిట్లు తినేవాడు మేస్త్రీ. ఇంజిన్ బాగుపడితే గంగమ్మ తల్లి దయ, బాగుపడకపోతే సింహాద్రి మేస్త్రీ తప్పు. సింహాద్రి అంటే నేనే.

నాకు అక్షరాలు యాభయ్యో ఏట వచ్చాయి. ఆ ఏడే మా పల్లెలో పెద్దవాళ్లకు చదువు చెప్పడానికి పార్వతి టీచరమ్మ వచ్చేది. మధ్యాహ్నం వేళ, వలలు బాగుచేసుకునే పాకలోనే తరగతి. వేళ్లకు అంటిన గ్రీజు పలకకు అంటుకునేది. అందుకే ఈ రాతలో చదువుకున్నవాళ్ల సొంపు ఉండదు. పని సంగతి మాత్రం సరిగ్గా ఉంటుంది.

ఆ పని ఏమిటో ముందు చెప్పాలి. మా ఫైబర్ బోట్లకు వెనక తగిలించే ఇంజిన్ ఉంటుంది. చిన్నది, ఒక మనిషి భుజాన వేసుకుని మోయగలడు. కిరసనాయిలుతో నడుస్తుంది. నూనె ఇంజిన్‌లో ఉండదు, పక్కన విడిగా ఒక డబ్బాలో ఉంటుంది. డబ్బా నుంచి ఇంజిన్‌కు రబ్బరు గొట్టం, గొట్టం మధ్యలో కోడిగుడ్డంత రబ్బరు ఉండ. దాన్ని పిసికితే నూనె ఇంజిన్‌కు ఎక్కుతుంది. డబ్బా మూత నడిమధ్య చిన్న స్క్రూ ఒకటి. బయలుదేరేటప్పుడు దాన్ని వదులు చేయాలి, లోపలికి గాలి పోవాలి కనుక. బయటికి వచ్చిన నూనె మేరకు లోపలికి గాలి వెళ్లకపోతే నూనె రాదు. కొబ్బరి బొండానికి ఒక్కటే చిల్లు పెట్టి వంచి చూడండి, తెలుస్తుంది. ఈ సంగతి బోటెక్కే ప్రతివాడికీ తెలుసు. స్క్రూ వదులు చేయడం ఎవరూ మర్చిపోరు.

డబ్బా మోసే పని బోటులో అందరికంటే కొత్తగా చేరినవాడిది. వేట నుంచి రాగానే దాన్ని ఇంటికి తీసుకుపోయి, నూనె నింపించి, మర్నాడు మళ్లీ భుజాన పెట్టుకుని రావాలి. ఇంకో కొత్తవాడు చేరేవరకు ఆ చాకిరీ తప్పదు. ఇంజిన్ చెడిపోతే ఇంజిన్‌ను మాత్రం విప్పి నా షెడ్డుకు తెచ్చేవారు. నేను దాన్ని చెక్క చట్రానికి బిగించి, నీళ్ల పీపాలో దింపి, నా సొంత డబ్బా గొట్టం తగిలించి నడిపి చూసేవాణ్ని. విశాఖలో నేర్చుకున్న పద్ధతి అదే. అందరు మేస్త్రీలూ చేసేది అదే.

పోలయ్య నన్ను వరసకు బావా అని పిలిచేవాడు. వల విసరడంలో మంచి చెయ్యి. మాట కొంచెం పెడసరం. ఇంట్లో కళ్లు కనిపించని తల్లి, భార్య ఎర్రమ్మ. ఆ జూన్‌లో ఒక బోటులో చేరాడు. చేరిన కొద్ది రోజులకే ఇంజిన్ ఆగిపోయింది, తెడ్లు వేసుకుని వచ్చారు. నేను విప్పి చూస్తే కిరసనాయిల్లో నీళ్లు. వాన రోజుల్లో అది మామూలే. తరువాత వంశధారకు వరద వచ్చినప్పుడు, నదిలోంచి కొట్టుకొచ్చిన దుంగ తగిలి ఇంజిన్ కింది పంకా పిన్ను విరిగింది. పంకాకు దెబ్బ తగలకుండా తాను విరిగిపోవడానికే ఆ పిన్ను పెడతారు. పిన్ను విరిగితే ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది, బోటు మాత్రం కదలదు. ఆ రోజూ పోలయ్య అందులోనే ఉన్నాడు.

రెండు వేరు వేరు రోగాలు. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. కానీ బోటులో ఉన్నవాళ్లకు రోగం పేరు అక్కరలేదు, తెడ్డు వేసిన నొప్పి గుర్తుంటుంది. ఆ బోటు యజమాని పోలయ్య ముఖం మీదే అన్నాడట, “నీ పాదం మంచిది కాదురా. రేపట్నుంచి రాకు,” అని.

పాదం అన్న మాట మా వైపు ఊరికే పోదు. కొత్త కోడలు వచ్చాక ఆవు చస్తే కోడలి పాదం, కొత్త మనిషి ఎక్కాక వల చిరిగితే ఆ మనిషి పాదం. పోలయ్య రెండో బోటుకు మారాడు. అక్కడ చేరిన మూడో రోజో నాలుగో రోజో నడిసముద్రంలో ఇంజిన్ ఆగింది. ఇంకొన్నాళ్లకు మళ్లీ ఆగింది. వాళ్లూ వద్దన్నారు. చివరికి మా పల్లె పెద్ద అప్పలస్వామి, దూరపు చుట్టరికం ఉంది కనుక, తన బోటులో చేర్చుకున్నాడు. అక్కడా ఆగింది.

నన్ను ఇబ్బంది పెట్టిన విషయం వేరే ఉంది. ఈ తరువాతి ఇంజిన్లలో నాకు ఏ రోగమూ దొరకలేదు. షెడ్డుకు తెచ్చి పీపాలో దింపి తాడు లాగితే ఒక్క లాగుకే లేచేవి. ఎంతసేపు నడిపినా ఆగేవి కావు. ప్లగ్గు విప్పాను, కార్బురేటర్ విప్పాను, పంపు విప్పాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. మోసుకొచ్చినవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవారు. “ఈడ పోలయ్య లేడు గదా, ఎందుకాగుతాది?” అనేవారు. నేను మళ్లీ ప్లగ్గు విప్పేవాణ్ని.

అప్పలస్వామి బోటులో జరిగింది మరీ వింత. తీరానికి చాలా దూరంలో ఇంజిన్ ఆగింది. తాడు లాగి లాగి చేతులు బొబ్బలెక్కాయి. అంతలో పక్కగా ఇంకో బోటు పోతుంటే కేకేసి పిలిచి, పోలయ్యను అందులోకి ఎక్కించారు. అతను కాలు తీసి ఆ బోటులో పెట్టాడు. అప్పలస్వామి తాడు లాగాడు. ఇంజిన్ లేచింది. ఒడ్డుదాకా ఆగలేదు. రెండు బోట్లలోనూ ఉన్న మనుషులందరూ కళ్లారా చూశారు. ఆ సాయంత్రానికి పల్లెలో ఈ కథ తెలియని చంటిపిల్ల కూడా లేదు.

నేను దేవుణ్ని నమ్ముతాను. ఇంజిన్‌నూ నమ్ముతాను. మనిషి పాదం బోటులోంచి తీస్తే ఇంజిన్ లేవడం ఈ రెండిటిలో దేని లెక్కలోకి వస్తుందో నాకు అర్థం కాలేదు.

మర్నాడు తరగతిలో అందరూ అదే మాట. అ ఆలు పక్కన పెట్టేశారు. టీచరమ్మ అంతా విని, పాక మూలనున్న చింతపిక్కలు తెమ్మంది. ఒక వైపు అరగదీసి తెల్లగా చేసి ఆడవాళ్లు ఆడుకునే పిక్కలవి. తలా నాలుగు పిక్కలు ఇచ్చి, ఒక్కొక్కరినీ ఒక్కసారి వేయమంది. దాలమ్మ అనే ముసలామెకు నాలుగూ తెల్లగా పడ్డాయి. పాకంతా గోల.

“దాలమ్మ చెయ్యి మంచిదా?” అని టీచరమ్మ అడిగింది.

“మరేటి! దాని సెయ్యే సెయ్యి,” అన్నారు.

మళ్లీ వేయమంది. మూడు నల్లగా, ఒకటి తెల్లగా పడ్డాయి. “ఓలమ్మ, నా సెయ్యి ఇంతలోనే సెడిపోనాదేటి!” అని దాలమ్మ తల బాదుకుంది. అందరూ నవ్వారు.

అప్పుడు టీచరమ్మ చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంతమంది వేస్తే ఎవరో ఒకరికి నాలుగూ తెల్లగా పడతాయి, పడకపోతేనే వింత. పడినవాళ్లనే మనం చూస్తాం, పడనివాళ్లను ఎవరూ చూడరు. ఒడ్డున ఇన్ని బోట్లున్నాయి, ఇంతమంది మనుషులున్నారు, ఇంజిన్లు ఎప్పుడూ ఆగుతూనే ఉంటాయి. ఎవడో ఒకడికి రెండుసార్లు వరసగా తగులుతుంది. వాడి పేరు ఈసారి పోలయ్య.

నేను ఒప్పుకోలేదు. రెండుసార్లయితే సరే టీచరమ్మా, ఇతనికి అయిదారయ్యాయి, మూడు బోట్లలో అయ్యాయి అన్నాను. ఆమె తడబడలేదు. అంత వరసగా అయితే నాకూ అనుమానమే, దానికి కారణం ఉండే ఉంటుంది, వెతుకు, పాదంలో మాత్రం వెతక్కు అంది. ఇంకో మాట కూడా అడిగింది. మొదటి రెండిటికీ తరువాతి వాటికీ మధ్య ఏం మారింది?

ఆ ప్రశ్న పట్టుకుని షెడ్డుకు వచ్చాను.

అప్పలస్వామి పల్లె సభ పెట్టించే ఏర్పాటులో ఉన్నాడు. పోలయ్యను ఏ బోటూ ఎక్కించుకోకూడదని, అతను మిగతావాళ్లలా గుజరాత్ తీరానికి కూలికి పోవాలని ఆయన ఆలోచన. పోతే ఏడాదికోసారి రావడం, ఇంట్లో చూపులేని తల్లి. పోలయ్య నా షెడ్డు ముందు కూర్చుని అన్నాడు, “ఈడ సెడ్డదైన పాదం ఆడికెల్తే మంచిదయిపోద్దేటి బావా? అక్కడా సముద్రమే గదా.”

నేను అప్పలస్వామి దగ్గరకు వెళ్లాను. మావా, సభకు ముందు ఒక్క వేట నీ బోటు ఇవ్వు, పోలయ్యతో పాటు నేనూ ఎక్కుతాను అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “ఎక్కరా. ఆగితే నువ్వూ తెడ్డెయ్యి. నీ నడుం సంగతి నాకు తెల్దు,” అన్నాడు.

పోలయ్యకు ఒకటే చెప్పాను. ప్రతి రోజూ ఎలా వస్తావో అలాగే రా, ఏదీ మార్చకు. రోగం చూడాలంటే రోగిని మార్చకూడదు. షెడ్డులో నేను ఇన్నాళ్లూ చూస్తున్నది సగం రోగినే అన్న ఊహ అప్పటికి ఇంకా రాలేదు.

తెల్లవారగట్ల పోలయ్య డబ్బా భుజాన పెట్టుకుని వచ్చాడు. ఇంకో ఇద్దరు వలవాళ్లు ఉన్నారు. స్క్రూ వదులు చేయడం నా కళ్లతో చూశాను. అలలు దాటాం. ఇంజిన్ చక్కగా ఆడుతోంది. తీరంలోని తాటిచెట్లు గీతల్లా అయ్యాయి, తరువాత ఆ గీతలు కూడా పోయాయి. వలవాళ్లు మాట్లాడటం మానేసి ఇంజిన్ చప్పుడే వింటున్నారు. పోలయ్య మోకాళ్లు పట్టుకుని, పాదాలు చెక్క మీద ఆనకుండా కొంచెం పైకెత్తి కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూశాక ఈ పని ఎలాగైనా తేల్చాలనుకున్నాను.

ఇంజిన్ రెండుసార్లు దగ్గింది. ఆగిపోయింది.

వలవాళ్లలో ఒకడు నవ్వాడు, భయంతో. నేను మొదట ఇంజిన్ మీద చెయ్యి వేయలేదు. గొట్టం మధ్యనున్న రబ్బరు ఉండను పట్టుకున్నాను. పీల్చేసిన తాటిముంజెలా లోపలికి అతుక్కుపోయి ఉంది. పిసికినా పొంగలేదు. నూనె రావడం లేదు, ఎందుకంటే డబ్బాలోకి గాలి పోవడం లేదు. కానీ స్క్రూ వదులుగానే ఉంది. మూత తిప్పాను. బుస్సుమని డబ్బా ఊపిరి పీల్చుకుంది. అందరికీ వినబడింది. ఉండ తనంతట తాను పొంగింది. తాడు లాగాను. ఇంజిన్ లేచింది.

పోలయ్య ఎక్కడికీ పోలేదు. నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. “బావా, నానింకా ఇక్కడే ఉన్నాను,” అన్నాడు, ఇంజిన్‌కు చెబుతున్నట్టు.

మూతను ఎండలోకి పట్టి చూశాను. స్క్రూ చుట్టూ, గాలి పోయే సందులో, పచ్చగా గట్టిగా ఏదో మేకు కొట్టినట్టు దిగి ఉంది. కార్బురేటర్ రంధ్రాలు పొడిచే సన్న తీగతో గీకి వాసన చూశాను. పసుపు. పసుపు, ఆముదం.

తిరిగి రాగానే నేరుగా పోలయ్య ఇంటికి వెళ్లాను. ఎర్రమ్మ చేపలు అమ్ముకుని అప్పుడే గంప దించింది. డబ్బాకు పసుపు ఎవరు రాస్తున్నారమ్మా అని అడిగాను. దాచలేదు. మొదటి బోటువాళ్లు పాదం మాట అన్న రోజు నుంచి తనే రాస్తోంది. మా పల్లెలో ఆడవాళ్లు బోటు మీద చెయ్యి వేయరు. బోటుకు పసుపు రాయడానికి వీల్లేదు. డబ్బా మాత్రం రాత్రంతా తన అరుగు మీదే ఉంటుంది. మొగుడితో పాటు సముద్రం మీదికి పోయేది అదొక్కటే. ఉప్పునీటికి కొట్టుకుపోకుండా పసుపులో ఆముదం కలిపి ముద్ద చేసి, మూత నడిమధ్యన ఉబ్బెత్తుగా కనిపించే ఆ స్క్రూ మీద, నుదుట బొట్టు పెట్టినట్టు పెట్టేది.

టీచరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. మొదటి రెండిటికీ తరువాతి వాటికీ మధ్య మారింది ఇదే. మిగతాదంతా దానంతట అదే అల్లుకుంది. బోటువాళ్లు వెళ్లగొడితే పోలయ్య ఇంకో బోటులో కొత్తవాడవుతాడు. కొత్తవాడు కనుక డబ్బా అతనే మోయాలి. డబ్బా అతని అరుగు మీదికి వస్తుంది. ఎర్రమ్మ బొట్టు పెడుతుంది. డబ్బా గాలి పీల్చినప్పుడల్లా ఆ ముద్ద కొంచెం కొంచెంగా సందులోకి దిగి, చాలా దూరం పోయాక పూర్తిగా మూసుకుంటుంది. ఇంజిన్ ఆగుతుంది. మళ్లీ వెళ్లగొడతారు. నా షెడ్డుకు ఇంజిన్ వస్తుంది, డబ్బా రాదు.

ఎర్రమ్మ గంపను గోడవారకు జరిపింది. తరువాత, “అన్నా, ఇది సభలో సెప్పీస్తావా?” అంది.

ఆమె భయం నాకు తెలుసు. మగవాడి పాదం చెడ్డదయితే ఊరు దాటిస్తారు. ఆడది ఏదో రాస్తే ఇంజిన్లు ఆగిపోతున్నాయంటే దాని పేరు చిల్లంగి. మంత్రం పెట్టిందంటారు. ఆ మాట పడ్డ ఆడదాని గతి ఎలా ఉంటుందో మా జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. సందులో మట్టి పేరుకుందని చెబుతాను, నీ పేరు రానివ్వను అన్నాను.

సభ ఒడ్డునే, బోట్ల నీడలో పెట్టారు. నేను పీపా, చట్రం, ఇంజిన్ అక్కడికే తెప్పించాను. ఈసారి నా డబ్బా కాక బోటు డబ్బా పెట్టించాను. గాలి సందు మూసుకుపోతే ఏమవుతుందో చెప్పాను. అప్పలస్వామి అందరికంటే ముందు కూర్చుని, చుట్ట ఆర్పేసి మరీ విన్నాడు.

“మావా, పోలయ్య దిగిపోనాక నువ్వు తాడు లాగినావు గదా. ఈ రెండిటి మద్దిన ఇంకేటి సేసినావు?” అని అడిగాను.

“ఏటి సేస్తాను? డబ్బాలో నూనుందో నేదో అని మూత తీసి సూసినాను,” అన్నాడు. అని, ఆగిపోయాడు. నెమ్మదిగా డబ్బా వైపు తిరిగాడు.

ఇన్నాళ్లూ ఆ కథ చెప్పినవాళ్లలో ఒక్కరూ మూత సంగతి చెప్పలేదు. దాచి కాదు. కాలు తీయడం కథ, తాడు లాగడం కథ. మూత తీసి చూడటం ఎవరి లెక్కలోనూ లేదు.

కానీ ఆయన పల్లె పెద్ద ఊరికే కాలేదు. “సందులో ఏటున్నాది?” అన్నాడు.

“మట్టి.”

“సముద్రం మీద మట్టెక్కడిదిరా? రెండు బోట్లకీ ఈడున్నప్పుడే మట్టేటి?”

నేను ఇంకో అబద్ధం వెతుక్కుంటున్నాను. ఆడవాళ్ల వైపు నుంచి ఎర్రమ్మ లేచి నిలబడింది.

“మట్టి కాదు, పసుపు. నానే రాసినాను. నా మొగుడి పాదం సెడ్డదని మీరందరూ అన్నారు. అమ్మోరి పసుపు తోడుంటే ఏటీ కాదనుకున్నాను. బోటు ముట్టలేదు. డబ్బా ముట్టినాను. డబ్బా నా అరుగు మీద ఉన్నాది. నా అరుగు మీదున్నది నాను ముట్టకూడదని మీలో ఎవులైనా సెప్పినారా?”

 వెనక నుంచి ఒకామె గొంతు గుసగుసగా ‘చిల్లంగి’ అనబోయింది. ఆ మాట పూర్తికాకముందే నేను, మూతలోంచి గీకి జేబులో దాచిన పసుపు ముద్దను అప్పలస్వామి చేతికి ఇచ్చాను. ఎర్రమ్మ చేతిలో ఏముందో తేలాలంటే నీ చేత్తో నువ్వే రాయి మావా అన్నాను. ఈ ఆలోచన నేను ముందు చేసుకున్నది కాదు. ఆ క్షణంలో ఇంకేమీ తోచక చేసింది.

ఆయన ముద్దను వేళ్లతో నలిపి చూశాడు. పోలయ్యను దూరంగా, రోడ్డు దాకా పొమ్మన్నాడు. ఎర్రమ్మను కూడా పొమ్మన్నాడు. మూతకు తనే పసుపు మెత్తాడు, వేలితో సందులోకి గట్టిగా నొక్కాడు. ఇంజిన్ నడిపాం. డబ్బాలో నూనె అంచుదాకా ఉంది, లోపల గాలికి చోటు లేదు, అందుకే ఎక్కువసేపు పట్టలేదు. అందరి ఎదుటా రబ్బరు ఉండ అణిగిపోయింది. ఇంజిన్ దగ్గి ఆగిపోయింది.

దాలమ్మ గొంతు లేచింది. “అప్పలసామీ, నీ సెయ్యి కూడా సెడిపోనాదిరా! నువ్వూ గుజరాతెల్లిపో!”

ఒడ్డంతా నవ్వింది. అప్పలస్వామి కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. ఎర్రమ్మ మీద మాట అంతటితో పోయింది. పల్లె పెద్ద చేతికి, ఆమె చేతికి ఒకే పని చేసే పసుపును చిల్లంగి అనడం ఎవరికైనా కష్టం.

అయినా ఆయన ఒక పట్టాన వదిలే మనిషి కాదు. “తర్వాతియి పసుపు, సరే. ముందు రెండూ పసుపు కాదు గదా. ఆ రెండూ ఈడున్నప్పుడే ఎందుకు వచ్చినాయి?” అన్నాడు. నిజానికి అక్కడ అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

నేను చింతపిక్కల సంగతి చెప్పలేదు. చెబితే టీచరమ్మ మాట అంటారు. “మావా, కిందటేడు నీ బోటింజిన్ ఎన్ని మార్లు ఆగిపోనాది?” అన్నాను.

“సాలా మార్లు. అప్పుడు నువ్వింకా రానేదు, కళింగపట్నం మోయించినాను.”

“అప్పుడు బోటులో ఎవులెవులున్నారు?”

ఆయన ఆలోచించాడు. వేళ్లు మడిచాడు, విప్పాడు. “తెల్దు,” అన్నాడు. ఇంకాసేపటికి, “ఎవులికి గుర్తుంటాది?” అన్నాడు.

“పోలయ్య ఉన్నప్పుడు మాత్రం గుర్తున్నాది.”

ఆయన ఆర్పేసిన చుట్ట మళ్లీ వెలిగించాడు. ఒప్పుకున్నాడని నేను రాయను, ఒప్పుకోలేదు. పోలయ్యను తన బోటులోనే ఉంచుకుంటానని, డబ్బాకు మాత్రం ఎవరూ ఏదీ రాయకూడదని తీర్పు చెప్పి లేచాడు. ఎర్రమ్మకు బోటు ముక్కు మీద పసుపు రాసుకోవడానికి సెలవిచ్చాడు, కానీ తన ఎదురుగా. ఆడదాని చెయ్యి మా పల్లె బోటు మీద పడటం నేను చూసింది అదే మొదలు. అది కూడా ఇంజిన్ ధర్మమా అని జరిగింది.

తరువాత చలికాలంలో ఒక మధ్యాహ్నం అప్పలస్వామి బోటు ఇంజిన్ మళ్లీ ఆగింది. తెడ్లు వేసుకుని వచ్చారు. ఒక వలవాడు ఇంజిన్‌ను భుజాన మోసుకొస్తుంటే, అప్పలస్వామి వెనకాలే నడిచి వచ్చాడు.  ఆ బోటులో పోలయ్య ఇంకా పనిచేస్తున్నాడు. పల్లెలో మళ్లీ పాత పాట మొదలవుతుందనుకున్నాను.

“ప్లగ్గు పోనట్టుంది, సూడు,” అన్నాడు.

సూటిగా అడగకుండా, బోటులో ఎవరెవరున్నారు మావా అన్నాను.

ఆయన చుట్ట వెలిగించుకుంటూ ఆలోచించాడు. “ఎవులున్నారు... మామూలే. నలుగురం ఉన్నాం,” అన్నాడు. “ఎందుకడుగుతన్నావు?”

ఏమీ లేదన్నాను. ప్లగ్గు మార్చాను. ఇంజిన్‌తో పాటు వచ్చిన డబ్బాను కూడా తగిలించి నడిపి చూశాను.

మూడేళ్ల కిందట ఆ పని మానేశాను. ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది కొంచెమే. వరసగా రెండుసార్లు జరిగినదానికి కారణం ఉండి తీరాలని లేదు, చింతపిక్కలు అలాగే పడతాయి. ఆ రెండిటికీ భయపడి మనం ఏదో ఒకటి చేస్తాం. మూడోసారి జరిగితే, ముందు మనం చేసినదాన్నే విప్పి చూడాలి. పోలయ్య మీదికే మొదటి రెండూ ఎందుకు వచ్చాయంటే ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు. అక్కరలేదని తెలిశాక వెతకడం మానేశాను. షెడ్డులో మాత్రం ఆ ఏటి నుంచి ఒక నియమం పెట్టాను. ఇంజిన్ తెచ్చేవాడు డబ్బా కూడా తేవాలి. తేకపోతే తాడు ముట్టుకునేవాణ్ని కాదు.